తొంభై నంబరు ఆయిలు

ఇప్పటి కుర్రాళ్లకు కారంటే ఏసీ వేసుకుని పాటలు వినే గది. దాని కింద ఏముందో తెలీదు, తెలియాల్సిన పనీ లేదంటారు. మొన్న మా మనవడు "ముందు చక్రం దగ్గర టకటకమంటోంది తాతా" అంటూ బండి తీసుకెళ్లి సర్వీసుకిచ్చాడు. సాయంత్రానికి ఫోన్లోకి ఎస్టిమేటు వచ్చి పడింది. లోయర్ ఆర్ములు రెండూ మార్చాలట. ఎందుకయ్యా అంటే బాల్ జాయింటు అరిగిందట. అరిగింది గోలీకాయంత గుండు, మార్చేది రెండు వైపులా ఆర్ము మొత్తం! అదేమిటని అడిగితే "విడిగా రాదు సార్" అన్నాడు ఫోన్లో అబ్బాయి. విడిగా వచ్చే సామానంటూ ఈ భూమ్మీద ఎప్పుడూ పుట్టలేదన్నంత ధీమాగా అన్నాడు.

వచ్చేది నాయనా. మా రోజుల్లో అన్నీ విడిగానే వచ్చేవి. కొన్ని నడిరోడ్డు మీదే విడిగా వచ్చేసేవి, అది వేరే సంగతి.

నేను చెప్పేది స్టాండర్డ్ హెరాల్డు గురించి. అప్పట్లో కొందామంటే దేశం మొత్తానికి ఉన్న కార్లే మూడు. కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడరు, బొంబాయి కుర్లాలో ఫియట్టు, మద్రాసులో మా హెరాల్డు. ఇప్పుడు మీకు ముప్పై రకాలు చూపించి, రంగు దగ్గర మూడు నెలలు కొట్టుకు చావమంటున్నారు. మాకు ఆ అవస్థ లేదు. ఇచ్చిందే కారు, ఇచ్చినప్పుడే కారు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు 1959లో తెచ్చిన బండి అది. బొమ్మ గీసింది మిచెలోట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసులో తయారైంది. ఇంజను 948 సీసీయే గానీ, బానెట్టు మాత్రం రాజావారి బానెట్టు. మడ్‌గార్డులూ లైట్లతో సహా మొత్తం ముందుకు ఒరిగిపోయేది. ఆటోనగర్‌లో మా మేస్త్రి ముందు టైరు మీద దర్జాగా కూర్చుని ఇంజను పని చేసుకునేవాడు, టీ కూడా అక్కడే తాగేవాడు. ఇప్పటి బండి బానెట్టు ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏముంది? దాని మీద టీ గ్లాసు పెట్టుకోవాలన్నా జంకే.

ఇరవై అయిదడుగుల చోటుంటే చాలు, హెరాల్డు గుండ్రంగా తిరిగి వచ్చేది. బెజవాడ వన్‌టౌన్ సందుల్లో అంబాసిడర్ల వాళ్లు ముందుకూ వెనక్కీ తిప్పలు పడుతుంటే మేం ఒక్క తిప్పుతో బయటపడేవాళ్లం. ఆ తిరుగుడంతా రెండు కీళ్ల మహిమ. ముందు చక్రాన్ని మోసే నిలువు లింకుకి పైన బాల్ జాయింటు, కింద ట్రునియను. పైది గిన్నెలో కూర్చున్న ఉక్కు గుండు, దానికో కాడ. చక్రం గుంటలో పడి లేచినా, పక్కకి తిరిగినా గుండు గిన్నెలో దొర్లుతుంది. కిందిది మరలు కోసిన కంచు దిమ్మ. మీరు స్టీరింగు తిప్పినప్పుడల్లా లింకు చివర ఆ మరల్లో కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది. దానికి గ్రీజు పనికిరాదు, తొంభై నంబరు గేరాయిలే పట్టించాలి. తెలియని షెడ్డువాడు గ్రీజు గన్ను పెట్టి దట్టించాడా, గ్రీజు మరల లోపలి దాకా వెళ్లదు, నీళ్లు వెళ్తాయి. లోపల తుప్పు తింటూ పోతుంది. ఓ శుభదినాన ఆ లింకు మర దగ్గర పుటుక్కుమంటుంది, చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుంటుంది.

దాన్ని మా మనవడు డిజైను లోపం అంటాడు. ఏడిశాడు. ఆయిలు కొట్టడానికి బండి కిందికి దూరినవాడికి పక్కనే కారుతున్న డ్యాంపరు కనిపించేది, చిరిగిన రబ్బరు బూటు కనిపించేది, పిల్లి పెట్టిన పిల్లలూ కనిపించేవి. ఇప్పుడన్నీ సీలు వేసిన కీళ్లు. ఆయిలు అడగవు, గ్రీజు అడగవు, మనిషి మొహమే చూడవు. లక్ష కిలోమీటర్లు నోరెత్తకుండా పనిచేసి ఓ రోజు టకటకమంటాయి. లక్ష కిలోమీటర్లు ఎక్కువే, కాదనను. కానీ అన్నాళ్లు మాట్లాడని కీలుని నమ్మేదెట్లా?

కీలు పోయిందని ఎట్లా తెలుసుకోవాలో చెప్తా వినండి, మళ్లీ చెప్పేవాడు దొరకడు. బండిని జాకీ మీద లేపి, కింద కొయ్యదిమ్మలు పెట్టేవాడు మేస్త్రి. జాకీ ఒక్కదాన్నే నమ్మి తల దూర్చేవాడు కాదు. చక్రాన్ని పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపితే కదులుతుంది. కదిలితే బాల్ జాయింటే పోయిందని లెక్కా? కాదు, హబ్బు బేరింగు వదులైనా కదులుతుంది. అందుకని "అయ్యగారూ, బ్రేకు తొక్కి పట్టండి" అనేవాడు. బ్రేకు పట్టేస్తే బేరింగు ఆట ఆగిపోతుంది. అప్పటికీ ఆడుతోందంటే తప్పు కీలుదే. పైదా కిందిదా? దానికి హెల్పరు కుర్రాడి చేత చక్రం ఊపిస్తూ, తను కళ్లు మూసుకుని కీలు మీద బొటనవేలు ఆనించి ఉంచేవాడు. వెంట్రుకవాసి ఆట ఉన్నా ఆ వేలికి తెలిసేది. పరీక్షంతా అదే. ప్రింటు లేదు, ఓటీపీ లేదు.

ఊడదీయడం ఇంకో కథ. కాడ కోసుగా ఉంటుంది, ఏళ్ల తరబడి తన కంతలో కూరుకుపోయి ఉంటుంది. నట్టు విప్పినంత మాత్రాన రాదు, ఉడుంపట్టు. ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి ఉంచేవాడు. మధ్యలో దూర్చి కొట్టే రెండు కాళ్ల ఉలి ఒకటుంటుంది గానీ, దానితో రబ్బరు బూటు చిరుగుతుందని మేస్త్రి ముట్టుకునేవాడు కాదు. పాత బూటు చిరిగితే ఏం, ఎటూ పారేసేదేగా అంటే "అలవాటు చెడుతుంది" అనేవాడు. నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి, కంత చుట్టూ ఉన్న ఇనుముకి ఒక పక్క పెద్ద సుత్తి ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొట్టేవాడు. కాడని కొట్టకూడదు, కంతని కొట్టాలి. టంగు టంగుమని మోగుతూ మోగుతూ ఒక దెబ్బకి శబ్దం బొంగురుపోయేది. కాడ వదిలిందన్నమాట. వెంటనే హబ్బుని తాడేసి పైకి కట్టేవాడు, దాని బరువంతా బ్రేకు గొట్టం మీద పడకుండా. తర్వాత పై ఆర్ముకి ఉన్న రెండు బోల్టులు విప్పితే పాత కీలు చేతిలోకి వచ్చేది. గుండు పట్టుకుని ఊపితే గలగలమనేది. మా పిల్లలకి ఆడుకోవడానికి అదే.

కొత్తది మన ఊళ్లో దొరికితే గదా. మద్రాసు పుదుపేటలో దొరుకుతుంది. అటు వెళ్లేవాళ్లెవరో కనుక్కుని, పాతది గుడ్డలో చుట్టి శాంపిలు పంపితే, తిరుగు హౌరా మెయిల్లో కొత్తది వచ్చేది. ఒక్కోసారి ఎడం బదులు కుడివైపు ట్రునియను వచ్చేది. రెండింటి మరలూ ఎదురెదురు, ఒకటి రెండోదానికి ఎక్కదు. మళ్లీ ఇంకో మనిషి, ఇంకో మెయిలు. అన్నాళ్లూ బండి వేపచెట్టు కింద దిమ్మల మీదే. మా ఆవిడ రిక్షాలో వెళ్లేది, నన్నేమీ అనేది కాదు. అనేదేమో, నాకు గుర్తుంచుకోవాలని లేదు. అన్నీ బిగించాక చివర్లో చక్రాల వెంట పురికొస లాగి అలైన్‌మెంటు చూసేవాడు, అంగుళంలో పదహారో వంతు తేడా కూడా పట్టేవాడు. ఇప్పుడు నాలుగు చక్రాలకీ అద్దాలు తగిలించి కంప్యూటర్లో చూస్తారు. వచ్చే అంకెలు సరైనవే అయ్యుండొచ్చు, కానీ చూపించేవాడికి వాటి అర్థం తెలియదని నా గట్టి నమ్మకం. పురికొసైతే అబద్ధం చెప్పేది కాదు. గాలి వీచనంత వరకూ.

ఇదంతా విని మా మనవడు ఫోన్లో ఏదో వెతికి, "తాతా, నువ్వు తిట్టే ఇప్పటి బండ్ల ముందు సస్పెన్షను, ఈ మెక్‌ఫర్సన్ స్ట్రట్టు, 1950లోనే ఫోర్డ్ కాన్సల్‌కి వచ్చిందట. నీ హెరాల్డు కంటే తొమ్మిదేళ్లు పెద్దది" అన్నాడు. ఇదొకటి ఈ పిల్లలతో, చేతిలో ఆ పెట్టె ఉంటే పెద్దాచిన్నా లేదు. పాతదైతే మాత్రం మంచిదవుతుందా అన్నాను. అన్నాక నాకే కొంచెం తేడాగా అనిపించింది గానీ, వెనక్కి తీసుకోలేదు.

ఆ మాటకొస్తే మా మేస్త్రికి పని నేర్పిన పెద్దాయన హెరాల్డు జోలికే వచ్చేవాడు కాదు. ఆయనంతా కింగ్ పిన్నుల మనిషి. చక్రం నిలబడాల్సింది నిటారు ఉక్కు కడ్డీ మీద గానీ గోలీకాయ మీద కాదని, ఇంగ్లీషువాడికి మతి చలించిందని నిష్ఠూరంగా అనేవాడట. పాతకాలం ముసలాళ్లకి ఏది కొత్తగా వచ్చినా అంతే, గొణుగుడు.

మీ బండికీ ఎప్పుడో అప్పుడు ఆ ఎస్టిమేటు వస్తుంది. వచ్చినప్పుడు ఓకే నొక్కేయకండి. బండి పైకి లేపి, బ్రేకు తొక్కించి, చక్రం ఊపి ఆట ఎంతుందో చూపించమని అడగండి. చూపించడానికి వాడికి తీరిక ఉండదు, చూడ్డానికి మీకూ ఉండదు. నాకు బోలెడంత తీరిక. మొన్న వెళ్లాను కూడా. షెడ్డు లోపలికి రాకూడదని అద్దాల గదిలో సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాఫీ బాగానే ఉంది.