నేను గోనెసంచిని

హుగ్లీ ఒడ్డున ఒక మిల్లులో జనపనారతో పుట్టాను. ఖమ్మం వైపు వచ్చి వడ్లు మోశాను. మూతి చిరిగాక దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున ఒక పల్లె కొట్టంలోకి చేరాను. ఇప్పుడు దూడల వీపు కాయడమే నా పని. వడ్లు మోసిన రోజులకన్నా ఇదే నాకు ఇష్టం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 నాటి 75.6 తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. మావాళ్లు పశువుల్ని తోలుకుని ఇప్పచెట్ల మెరకకు ఎక్కారు. ఆ ముసురులోనే ఆవు ఈనింది. కొడుకు నన్ను దూడ మీద వేయబోతే ముసలమ్మ ఆపింది. “ముందు ఒళ్లు తుడవరా. తడి మీద కప్పితే చలి లోపలే ఉంటది.”

నిజమే. తడిసిన వెంట్రుకలు ఒంటికి అంటుకుపోతే వాటి మధ్య వెచ్చటి గాలి నిలవదు. ఆ తడి ఆరడానికి దూడ ఒంట్లో వేడినే లాగుతుంది. పుట్టిన దూడకు కొవ్వు కూడా తక్కువ. నేను తడిస్తే మరీ ప్రమాదం, చల్లటి బరువునై వీపు మీద కూర్చుంటాను. ఆ రోజు తల్లి నాకింది, వీళ్లు ఎండుగడ్డితో రుద్దారు, బొడ్డుకు అయోడిన్ పెట్టారు, గంట తిరక్కుండా ముర్రుపాలు తాగించారు. ఇరవై కిలోల దూడకు తొలిరోజు రెండు లీటర్లయినా పడాలి. నేను ఉన్న వేడిని కాపాడతానంతే. వేడి పుట్టించేది ఆ పాలే.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో నన్ను మెడ దగ్గర ఒక తాడుతో, ముందుకాళ్ల వెనక ఇంకో తాడుతో కడతారు. బొడ్డును ఒరుసుకోనివ్వరు. పొద్దెక్కాక విప్పి దండెం మీద ఎండేస్తారు. మంచు పట్టిన నన్ను అలాగే మళ్లీ కప్పితే దూడకు నిమ్ము చేస్తుంది.

కొందరు చలికి భయపడి కొట్టాన్ని నాలుగు వైపులా టార్పాలిన్‌తో బిగించి, లోపల పొగ పెడతారు. అది చూస్తే నాకు భయం. ఉచ్చ ఘాటు, పొగ కలిసి లేత ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. గాలి కొట్టే వైపే పరదా కట్టి, పైన ఖాళీ వదలాలి. కింద వరిగడ్డి ఎంత వేయాలంటే, పడుకున్న దూడ కాళ్లు కనపడకూడదు. తడిసిన గడ్డిని ఆ పూటే తీసేయాలి.

నా నార పలచబడింది. ఇంకో గోనెను నాకు జోడించి కుట్టమని ముసలమ్మ కొడుక్కి చెప్పింది. మూలనున్న ఆవు వారంలో ఈనేట్టుంది, ఆకాశం మబ్బు పట్టి ఉంది.