ఎమ్మెల్యే అగుట ఎట్లు?

ఎమ్మెల్యే కాదలచినవారు ముందుగా మంచి నియోజకవర్గం చూసుకుని పుట్టాలి. ఆ విషయంలో నల్లగొండ, పాలమూరు జిల్లాలకు సాటి లేదు. కృష్ణ పక్కనుంచే పారుతుంది, బోరు నీళ్లలో ఫ్లోరైడు ఊరుతుంది, బొంబాయి బస్సు ఊరి ముందరే ఆగుతుంది. నీళ్లు తెస్తానని మాటివ్వడానికి ఇంతకన్నా అనువైన గడ్డ దొరకదు. మీ నాయన ఇచ్చిన మాటే మీరూ ఇవ్వొచ్చు, మీ కొడుక్కీ మిగిల్చి పోవచ్చు.

ఒక్క జాగ్రత్త. నీళ్లు తెస్తామని మనం అనాలి గానీ, నీళ్లేవని జనం అడిగేదాకా రానివ్వకూడదు. 1996లో అదే జరిగింది. జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడు ఊళ్ల జనం నల్లగొండ లోక్‌సభ స్థానానికి కుప్పలు తెప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. అదే ఏడు తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు వెయ్యిమందికి పైగా పోటీ చేశారు. ఏలినవారికి మెలకువ వచ్చింది. నీళ్లు పెరగలేదు గానీ డిపాజిట్ పెరిగింది. ఆ ఏడే లోక్‌సభకు 500 నుంచి 10,000కు, అసెంబ్లీకి 250 నుంచి 5,000కు ఎక్కింది. తర్వాత ఇంకా పెరిగింది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇక తయారీ. టికెట్ రాకముందు మీ ప్రధాన వృత్తి చావులకు పోవడం. పెళ్లికి రాకపోతే జనం మన్నిస్తారు, చావుకు రాకపోతే మన్నించరు. దశదినకర్మ నాడు ఫొటో ముందు రెండు పూలు వేసి, పెద్దకొడుకు భుజం మీద చెయ్యేసి, నిమిషం సేపు ఏమీ మాట్లాడకుండా నిలబడటం నేర్చుకోండి. ఈ ఒక్క విద్యతో ఎంపీపీ దాకా పోయినవాళ్లున్నారు. సినిమా మొఖం ఉంది కదా, ఇవన్నీ ఎందుకనుకోకండి. 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావునే కల్వకుర్తి ఓడించి, చిత్తరంజన్‌దాస్‌ను గెలిపించింది. సాక్షాత్తు కృష్ణుడికే దిక్కు లేని చోట మీరెంత?

ఖర్చు మాటకొస్తే, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటకూడదని ఎన్నికల సంఘం నియమం. ఆ లెక్క ఆడిటరు రాసుకుంటాడు, దావత్ లెక్క బామ్మర్ది చూసుకుంటాడు. ఆ రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో పెట్టకండి, అంతే.

గెలిచాక చేయాల్సిన పని చెక్కులు పంచడం. ఈ మధ్య ఒక ఫంక్షన్ హాల్లో కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ చూశాను. పెళ్లికూతురు చంకలో బిడ్డతో వచ్చింది. పెళ్లికీ చెక్కుకూ మధ్య ఆపాటి వ్యవధి ఉంటుంది మరి. 1,00,116 రూపాయల చెక్కు ఒక కొస ఎమ్మెల్యే చేతిలో, ఇంకో కొస పెళ్లికూతురి తల్లి చేతిలో. ఆమె గుంజుతోంది, ఆయన వదలడు. ఫొటోగ్రాఫర్ "అన్నా, జర ఇటు... అవ్వా, చెక్కు కనపడేటట్టు పట్టు" అని మూడు ఫొటోలు తీశాకే ఆ కొస వదిలాడు. ఆమె దాన్ని నాలుగు మడతలేసి కొంగున కట్టబోతే పీఏ ఉరికొచ్చాడు. "మడత పెట్టకవ్వా, బ్యాంకోళ్లు తీస్కోరు!" బయట మెట్ల మీద ఎవరో అడిగారు, పైసలు ఎవరిచ్చిండ్రవ్వా అని. "ఎమ్మెల్యే సారే ఇచ్చిండు బిడ్డా, సల్లగుండ." ఖజానా పేరు ఎవరికీ గుర్తుండదు, ఆ చివరి కొస పట్టుకున్న చెయ్యే గుర్తుంటుంది. కాబట్టి తొందరపడి వదలకండి.

ఇక అసలు విద్య కండువా మార్చడం. దీనికి కొల్లాపూర్ విశ్వవిద్యాలయం లాంటిది. 2018లో కారు గుర్తు మీద మంత్రి జూపల్లి కృష్ణారావు, చెయ్యి గుర్తు మీద బీరం హర్షవర్ధన్‌రెడ్డి. బీరం గెలిచారు, గెలిచి కారెక్కారు. ఒక కారులో ఇద్దరు డ్రైవర్లు కూర్చోలేరు గనుక జూపల్లి దిగి చెయ్యి పట్టుకున్నారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే, గుర్తులు మాత్రం తారుమారు. ఈసారి జూపల్లి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. కొల్లాపూర్ ఓటరు మాత్రం రెండుసార్లూ చేతికే ఓటేశాడు. మరి నిలకడ లేనిది ఎవరికో మీరే చెప్పండి.

ఒంటరిగా దూకితే గోడ, గుంపుగా దూకితే విలీనం. ఇది రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల చట్టం సారం. 2018లో కాంగ్రెస్‌కు వచ్చింది 19 సీట్లు. మూడింట రెండొంతులంటే 13 మంది కావాలి. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి హుజూర్‌నగర్ వదులుకోగానే 18 అయింది, 12 సరిపోయింది. 2019 జూన్‌లో ఆ 12 మందినీ స్పీకర్ టీఆర్ఎస్‌లో కలిపేశారు. వారిలో మన బీరం, నకిరేకల్ చిరుమర్తి లింగయ్య ఉన్నారు. ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని కాంగ్రెస్ గుండెలు బాదుకుంది. 2024లో, బీఆర్ఎస్‌గా పేరు మారిన ఆ టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే వస్తుంటే అదే కాంగ్రెస్ కండువాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈసారి గుండెలు బాదుకునే వంతు అవతలివాళ్లది. వాళ్ల మీది అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చండని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకర్‌కు చెప్పింది. దూకినప్పుడు అనాల్సిన మాట ఒక్కటే: "నియోజకవర్గ అభివృద్ధి కోసమే." నవ్వు రాకుండా అద్దం ముందు సాధన చేయండి.

నిజంగానే అభివృద్ధి కావాలంటే మాత్రం రాజీనామా చేయండి. ఇది వ్యంగ్యం కాదు. హుజూరాబాద్‌కు ఉప ఎన్నిక రాబోతే దళితబంధు అక్కడే మొదలైంది. మునుగోడుకు రాబోతే గట్టుప్పల్ మండలమైంది. 2022 నవంబర్ 3న మునుగోడులో 93 శాతం పోలింగ్. బూత్‌కు ఒక పెద్ద నాయకుడు కాపలా, ఊరూరా దమ్ బిర్యానీ. రోడ్డు రోలర్, చపాతీ కర్ర, సబ్బుపెట్టె, ఓడ కూడా కారులాగే కనిపిస్తున్నాయని అధికార పార్టీ కోర్టు దాకా పోయింది. కాంగ్రెస్ వదిలి బీజేపీ నుంచి నిలబడ్డ కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 10,309 ఓట్లతో ఓడారు. ఏడాది తిరక్కుండా కాంగ్రెస్‌కు తిరిగొచ్చి, 2023లో అక్కడే గెలిచారు. ఓటమి కూడా ఒక కండువాయే, తీసి పక్కన పెట్టొచ్చు.

చేయకూడనివీ చెప్పాలి. నర్రా రాఘవరెడ్డి నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచారు, ఆరుసార్లూ ఎర్రజెండాయే. 1952లో రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు, అదీ సొంత భూములు పంచేసిన మనిషి. వీళ్లను వేదికల మీద పొగడండి, ఫ్లెక్సీలో మూలన చిన్న ఫొటో వేయండి. అనుసరించబోతే మీ బామ్మర్ది ఊరుకోడు.

ఇక శంకుస్థాపనలు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో రాయి వేశారు, మొదటి పంపు 2023 సెప్టెంబర్‌లో, ఎన్నికల ముందర తిరిగింది. శ్రీశైలం నుంచి నల్లగొండకు కృష్ణ నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. వైఎస్ హయాంలో మొదలై ఎందరో ఎమ్మెల్యేలను గెలిపించింది, ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. వాళ్లెవరికీ నల్లగొండలో ఓటు లేదు.

ఈ పాఠాలేవీ చదవకుండా కూడా ఒకామె నిలబడింది. డిగ్రీ చదివితే కొలువు రాలేదు, బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టిన బర్రెలక్క. 2023లో అదే కొల్లాపూర్‌లో, ఈల గుర్తు మీద, ఏ కండువా లేకుండా. 5,754 ఓట్లు వచ్చాయి, డిపాజిట్ పోయింది.

అన్నట్టు, ఇప్పుడు అసెంబ్లీకి డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరోవంతు కన్నా ఎక్కువ తెచ్చుకోకపోతే తిరిగి రాదు.