కారు కింద రెండు కాళ్లు

ఆదివారం పాలవాడు వచ్చే వేళకు కాలనీలో ఏదో ఒక కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉంటాయి. హవాయి చెప్పులు, పైకి మడిచిన పైజామా, మడమలకు నల్లటి ఆయిలు. మిగతా మనిషి ఇంజిను కింద ఎక్కడో ఉంటాడు. పలకరిస్తే లోపలి నుంచి గొంతు వినిపిస్తుంది: "ఏం లేదండీ, చిన్న లీకేజీ. మనమే చూసుకుంటే పోలా!" ఆ ఆదివారం బుధవారం దాకా సాగుతుంది.

ఈ స్వయం మెకానిక్కుల వాదన వినడానికి సొంపుగానే ఉంటుంది. మెకానిక్కులంతా దొంగలట. సర్వీసు సెంటరు పట్టపగటి దోపిడీ అట. పాత బండిలో కంప్యూటర్లూ గింప్యూటర్లూ ఉండవు కాబట్టి అంతా చేతికి అందుతుందట. ఫోన్లో వీడియో పెట్టుకుంటే పావుగంట పని, డబ్బుకు డబ్బు మిగులు, పైగా బండి మీద 'పట్టు' వస్తుందట. పట్టు సంగతి నాకు తెలీదు గానీ, పట్టేసిన బోల్టులను మాత్రం చాలా చూశాను.

ముందు ఆ బండి గురించి చెప్పుకోవాలి. కాళ్లు ఎవరివైనా పైనున్నది చాలాసార్లు మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, మనిషి ఎత్తుకు కాస్త అవమానంగా అనిపించే పైకప్పు. 2014 జనవరిలో తయారీ ఆపేసేనాటికి దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అది రాకముందు అంబాసిడరో ప్రీమియర్ పద్మినీయో ఉన్నవాళ్లు డిక్కీలో పానాల సంచి, అదనపు ఫ్యాను బెల్టు, నీళ్ల క్యాను లేకుండా ఊరి పొలిమేర దాటేవారు కాదు. ఎండాకాలం పెళ్లికి బయల్దేరితే, దారిలో బానెట్ ఎత్తి నిలబడే గంటను కూడా ముహూర్తంలో కలిపి లెక్క వేసుకునేవారు. మారుతి వచ్చి ఆ తరానికి చూపించిన వింత ఒక్కటే: తాళం తిప్పితే స్టార్టయింది. పొద్దున తిప్పినా, సాయంత్రం తిప్పినా, వానలో తిప్పినా. మధ్యతరగతి మనిషి చేతిలోంచి పానా తీసి పక్కన పెట్టించిన కారు అది. నాన్న చేతిలోంచి జారిన ఆ పానాను కొడుకు వెతికి మరీ పట్టుకుని అదే కారు కింద దూరాడు. పైగా దీన్ని సంప్రదాయం అంటాడు.

అసలీ జాడ్యం ఎక్కడి నుంచి వచ్చిందో కొంత ఊహించగలను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు పాత కరోలా కొనుక్కుంటారు. అక్కడ మెకానిక్ గంట పనికి వంద డాలర్లు దాటేసి తీసుకుంటాడు. బ్రేకు ప్యాడ్లు తామే మార్చుకుంటే నిజంగానే చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుంది. ఇంటికి సొంత గ్యారేజీ, అందులో వెలుతురు, సరైన స్టాండ్లు, పాడైన ఆయిలు తిరిగి తీసుకునే స్పేరుపార్టుల దుకాణం, అన్నీ ఉంటాయి. ఆ లెక్క అక్కడికి సరిపోతుంది. మనవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఆ లెక్కలో డాలర్లు తీసేసి, ఉత్సాహం ఒక్కటే కూకట్‌పల్లిలో దించి వెళ్తారు. బావమరిది అందుకుంటాడు. వీధి చివర నాలుగు వందలకు ఆయిలు మార్చి, గాలి చూసి, అద్దం కూడా తుడిచి ఇచ్చే కుర్రాడు ఉండగా, ఆ నాలుగు వందలు మిగల్చడానికి స్పేరుపార్టుల కోసం రాణిగంజ్‌కు రెండుసార్లు ఆటోలో వెళ్లొస్తాడు. కారు జాకీ మీద ఉంది కదా మరి!

ఇక ఖర్చు పుస్తకం. సాకెట్ సెట్టు కొన్నది 'పెట్టుబడి' ఖాతాలో పడుతుంది. విరిగిన క్లిప్పులు 'అవి ఎలాగూ విరిగేవే' ఖాతాలో. తప్పు సైజు ఫిల్టరు అల్మారాలో, ఎప్పటికైనా పనికొస్తుందని. ఆయిలు మరకతో పాడైన దుప్పటి భార్య ఖాతాలో. తన రెండు ఆదివారాలు ఏ ఖాతాలోనూ కనిపించవు. ఆఫీసులో గంట ఎక్కువ పని చేయమంటే ఓవర్‌టైం అడిగే మనిషి, ఇంట్లో తన శ్రమకు సున్నా రేటు కట్టి, చివరికి 'నాలుగొందలు మిగిలాయి' అని సంతకం పెడతాడు.

వీడియోల గురించి ఒక్క మాట. అందులో బోల్టు ఒక్క తిప్పుకే వచ్చేస్తుంది. రాకేం చేస్తుంది, అంతకుముందే నాలుగుసార్లు విప్పి బిగించిన బోల్టు అది. కాకినాడలో ఇరవై ఏళ్లు సముద్రపు గాలి పీల్చిన బోల్టుకు ఆ వీడియో చూపించినా అది కదలదు. మనవాడు ముందు నూనె చిలకరిస్తాడు, తర్వాత పానాకు ఇనుప గొట్టం తొడుగుతాడు, ఆ తర్వాత గొట్టం మీద ఎక్కి నిలబడతాడు. తల తెగిన బోల్టు చేతికొచ్చే సరికి వీడియో వాళ్లు లైక్ కొట్టమని అడుగుతుంటారు. స్పార్కు ప్లగ్గుదీ ఇదే కథ. సిలిండరు హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. ముందు వేళ్లతో తిప్పి దారి కుదిరాకే పానా పెట్టాలని నేర్చుకున్నవాడికి తెలుసు. మనవాడు మొదటి చుట్టు నుంచే పానాతో, వంకరగా, కసిగా బిగిస్తాడు. మర అరిగాక హెడ్డు విప్పించుకుని ఆటోనగర్ లేతు షాపు ముందు స్టూలు మీద కూర్చుంటాడు. నూట యాభై రూపాయల ప్లగ్గుతో మొదలైన ఆదా అక్కడ ఏ అంకెకు చేరుతుందో లేతు యజమాని చెబుతాడు.

చెడగొట్టుకున్నది తన బండే కదా, మధ్యలో నీకేమిటని అడగొచ్చు. ప్లగ్గుల దాకా నాకేమీ లేదు. బ్రేకుల దగ్గరే నాకు సంబంధం ఉంది, ఎందుకంటే ఆ కారు ఆగకపోతే వచ్చి తగిలేది నా స్కూటరుకే. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. తిరుమల నుంచి ఘాట్‌లో దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ వేడికి పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నొక్కితే అణగదు కాబట్టే బ్రేకు పడుతుంది. ఆవిరి అణుగుతుంది, పెడలు నేలకు దిగుతుంది, కారు మాత్రం తన దారిన తాను పోతుంది. ఇంత ముఖ్యమైన పనిని మన వీరుడు ఎన్నేళ్లకు ఒకసారి చేస్తాడు? చేయడు. ఎందుకంటే అది కనిపించదు. డబ్బాలో ఆయిలు గీత దాకా ఉందా, ఉంది, చాలు. చేసిన అరుదైన సందర్భాల్లో గాలి సరిగ్గా తీయకుండా వదిలేసి, 'కొత్త కదా, రెండు రోజుల్లో సెట్ అవుతుంది' అంటాడు. బ్రేకులు సెట్ అయ్యే ఆ రెండు రోజులు మనమంతా రోడ్డు మీదే తిరుగుతుంటాం.

టైర్లకు ఆదివారం పూట నల్లరంగు పాలిష్ కొడతాడు. అదే టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి: 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. దాని మీద కూడా శ్రద్ధగా పాలిష్ రాసి చూసుకుని మురుస్తాడు. కేమ్‌ను తిప్పే టైమింగ్ బెల్టు రబ్బరుది. తెగేదాకా కుయ్యిమనదు, అందుకని దాని ఊసు రాదు. రేడియేటరులో కూలెంటుకు బదులు బోరు నీళ్లు పోస్తాడు. నల్లగొండలో గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఆ ఉప్పు రేడియేటరు గొట్టాల్లో మర్యాదగా ఉంటుందని ఆయన నమ్మకం. పెట్రోలు పైపుకు మాత్రం మైలేజీ పెంచే అయస్కాంతం కట్టి ఉంటుంది. పెట్రోలు అయస్కాంతాన్ని ఖాతరు చేయదని ఎనిమిదో తరగతి పిల్లకు కూడా తెలుసు, కానీ ఆ అయస్కాంతం కొన్నాక మైలేజీ పెరగలేదని ఒప్పుకున్న మొనగాడు నాకింకా తారసపడలేదు.

ఆ కాళ్ల పైన కారును మోస్తున్నది ఏమిటో వంగి చూశారా? స్టెప్నీ మార్చుకోవడానికి కంపెనీ ఇచ్చిన మడత జాకీ, దానికి తోడు ఒక సిమెంటు ఇటుక. ఆ జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి వెళ్లొద్దని దానితో వచ్చిన కాగితంలోనే రాసి ఉంటుంది. ఇక్కడ నాకు నవ్వు రాదు. ఆరు వందల కిలోలు దాటిన ఇనుముకు, దాని కింది మనిషికి మధ్య అడ్డం ఒక ఇటుక. స్టాండ్లు కొనొచ్చుగా అంటే 'అవి దండగ ఖర్చు' అంటాడు, బ్లూటూత్ సాకెట్ రెంచి చేతిలో పట్టుకుని.

తీసిన నల్లాయిలు ఎక్కడికి పోయిందని కూడా అడగకండి. వాడేసిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలు అంటున్నాయి. మా వీధి మ్యాన్‌హోలు మూత చుట్టూ ఉన్న ఇంద్రధనుస్సు ఏ నిబంధనా చదవలేదు. గ్యారేజీ వాళ్లందరూ బుద్ధిమంతులేమీ కాదు; కాకపోతే వాళ్ల డ్రమ్ము కొనుక్కోవడానికి ఒకడు వస్తాడు, మన పైజామా వీరుడి సీసా దగ్గరికి ఎవడూ రాడు.

సరే, మెకానిక్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే చివరికి మనవాడూ అక్కడికే వస్తాడు. మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ వెళ్తుంది: "తమ్ముడూ, కాస్త వచ్చి చూస్తావా? సెల్ఫ్ కొడుతోంది గానీ స్టార్టవడం లేదు." వచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తకముందే అడుగుతాడు.

"ఎవరన్నా చెయ్యి పెట్టారా సార్?"

"అబ్బే, ఎవరూ ముట్టుకోలేదమ్మా. నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది."

డాక్టరు దగ్గర నాటుమందు సంగతి దాచే రోగి ముఖమే అది. కుర్రాడు టార్చి వేసి చూస్తాడు. ప్లగ్గు వైర్లు తారుమారు. ఈ ఇంజిను మండే వరస ఒకటి, మూడు, రెండు. సారు ఒకటి, రెండు, మూడు అని పెట్టారు, బళ్లో నేర్పినట్టుగా. కుర్రాడు ఏమీ అనకుండా రెండు వైర్లు మార్చి, రెండు వందలు తీసుకుని పోతాడు. తెల్లారి మనవాడు లిఫ్టులో కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు: "రెండు నిమిషాల పనికి రెండొందలు గుంజాడండీ. అందుకే అన్నీ నేనే చేసుకుంటాను."

మోసం చేసే మెకానిక్కులు లేరని నేననను. ఉన్నారు. మార్చని పార్టుకు బిల్లు వేసేవాళ్లున్నారు, కొత్త పెట్టెలో పాతది పెట్టేవాళ్లున్నారు. పాత సామాను నా చేతికివ్వు, కొత్తదాని పెట్టె నా ఎదురుగా విప్పు అంటే అందులో సగం మోసం అక్కడే ఆగుతుంది. దానికి పానా అక్కర్లేదు, పక్కన అరగంట నిలబడే ఓపిక చాలు. వైపరు రబ్బరు, బల్బు, గాలి ఫిల్టరు, బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చగా పట్టిన తుప్పు కడగడం, ఇవి ఎవరైనా చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ వైపరు మార్చుకున్నానని లిఫ్టులో చెబితే ఎవరూ 'ఆహా' అనరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ కథలో చిత్రమైన రోజు ఇంకొకటి ఉంది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్సీ రిన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజును 600 నుంచి 5,000 చేశారు. బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. సరిగ్గా దానికి ముందు రోజు ఆ కారు ఎక్కడుంటుందో తెలుసా? మెకానిక్ షెడ్డులో. "తమ్ముడూ, బ్రేకులు, లైట్లు, స్టీరింగు, అన్నీ ఒకసారి గట్టిగా చూడు, రేపు పాసవ్వాలి." ఇన్‌స్పెక్టరు చూసే బ్రేకులు మెకానిక్కు బిగించినవి. పిల్లల్ని బడికి దింపేటప్పటివి తను బిగించుకున్నవి.

ఆ తర్వాత కూడా ఒక రోజు వస్తుంది, కారు అమ్మేరోజు. బ్రోకరు వచ్చి బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. డోరు వేసి తీసి చూస్తాడు. మనవాడు ఊరుకోడు. "సింగిల్ ఓనరండీ. ఇరవై ఏళ్లుగా ఒక్క మెకానిక్ చెయ్యి కూడా పడనివ్వలేదు. ఆయిలు దగ్గర నుంచి బ్రేకుల దాకా అన్నీ నేనే చేసుకున్నాను."

బ్రోకరు బానెట్ మీద నుంచి చెయ్యి తీశాడు. "నలభై అందామనుకున్నాను సార్. మీరు నిజం చెప్పేశారు కాబట్టి పాతిక."

మనవాడు తాళాలు వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేశాడు. వచ్చే ఆదివారం సస్పెన్షన్ విప్పుతాడట.