సీసా పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము

ఆ.వె. రంగుఁ జూచి కొనకు, భంగమౌ జిహ్వకుఁ
జీటి చదివి కొనుము సీసఁ దెలిసి
మూఁత విప్పినపుడె శీతపేటికఁ బెట్టు
మంచుపైనఁ బోయ మధుర మెంతొ!

అవతారిక

మేపుల్ చెట్టు నీరు కాచి చేసే మేపుల్ సిరప్ కొనబోయి అలమర ముందు దిక్కులు చూసే గృహస్థును ఉద్ధరించడానికి ఈ పద్యం పుట్టింది. సీసాను గూర్చిన పద్యమైనా ఛందస్సు సీసం కాదు, ఆటవెలది. సీసం రాసే ఓపిక కవికి లేకపోయింది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కనుక కవి హృదయం గురించి రావలసిన తగాదాలు ఈసారికి రావు. దేశం: కెనడాలో క్యూబెక్, అమెరికాలో వెర్మాంట్, న్యూయార్క్, మేన్ ప్రాంతాలు. ప్రపంచంలో కాచే సిరప్పులో ఇంచుమించు 70 శాతం ఒక్క క్యూబెక్‌దే. కాలం: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు. మనవాళ్ళు ఉగాది పచ్చడికి కొత్త బెల్లం వెతుక్కునే రోజులే అవీను. అక్కడి మూలవాసుల్లో అనిషినాబేలు ఒక నెలకు ఏకంగా పాకం కాచే నెల అనే పేరు పెట్టుకున్నారు. వలసవచ్చిన తెల్లవాళ్ళు ఈ విద్య నేర్చుకున్నది అలాంటివాళ్ళ దగ్గరే.

రంగుఁ జూచి కొనకు

టీక: రంగున్ = వర్ణమును, చూచి = కాంచి, కొనకు = కొనవద్దు.

వ్యాఖ్య: రంగు చూడొద్దని కాదు, రంగే గుణమని నమ్మొద్దని భావం. అంగట్లో నాలుగు వర్ణాలు: గోల్డెన్, ఆంబర్, డార్క్, వెరీ డార్క్. పాకంలోంచి వెలుతురు ఎంత దూరుతుందో పరికరం పెట్టి కొలుస్తారు. నూటికి 75 పాళ్ళు, ఆపైన దూరితే గోల్డెన్. 50కి తగ్గకపోతే ఆంబర్. 25కి తగ్గకపోతే డార్క్. అంతకంటే తక్కువైతే వెరీ డార్క్. ఇంతకీ పరీక్ష వెలుతురికే, నాలుకను ఎవరూ అడగలేదు.

మరి ఈ వర్ణభేదం ఎక్కడ పుట్టింది? చెట్టు జాతిలో కాదు, క్యాలెండర్లో. సీజను మొదట్లో చలి గట్టిగా ఉంటుంది గనక బకెట్లలో, గొట్టాల్లో పారే చెట్టునీరులో సూక్ష్మజీవులు తలెత్తవు. ఎండ ముదిరేకొద్దీ అవి పెరిగి, నీరులోని సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి. విడిపోయిన చక్కెరలు పొయ్యి మీద తొందరగా ఎర్రబడతాయి. అందుకే తొలి వంట లేతగానూ చివరి వంట ముదురుగానూ దిగుతుంది. వెర్మాంట్‌లో పాకం కాచే పాకల్లో కిటికీ పట్టె మీద చిన్న చిన్న సీసాలు వరసగా నిలబెట్టి ఉంటాయి, వంటకొకటి చొప్పున. వాటి వెనకనుంచి ఎండ పడితే ఒక కొసన పలచని పసుపు, మరో కొసన డికాషన్ నలుపు, మధ్యలో తేనెరంగులన్నీ. ఆ ఏటి సీజనంతా ఆ పట్టె మీద చదువుకోవచ్చు. తీపి మాత్రం అన్నిట్లోనూ ఒకటే. చక్కెర నూటికి 66 పాళ్ళకు తగ్గితే అది సిరప్పే కాదు.

విశేషం: అమెరికాలో 2015కు ముందు లేతవాటికి గ్రేడ్ ఏ, బాగా నల్లనిదానికి గ్రేడ్ బి అని ముద్ర పడేది. వెర్మాంట్‌వాళ్ళు అతి లేతదాన్ని ఫ్యాన్సీ అని ముద్దు చేసేవారు. కెనడా లెక్క మళ్ళీ వేరు, అక్కడ ఒకటి, రెండు, మూడు అని అంకెలు. చివరికి రెండు దేశాలూ ఒక మాట మీదికొచ్చి, బల్లమీదికి తగినదంతా ఏనే అనేశాయి. అడిగిమరీ బి కొనుక్కుని, తెలిసినవాళ్ళమని మురిసే రసికవర్గం ఒకటుండేది. వారి గొప్ప కాస్తా అలా గాల్లో కలిసింది.

దృష్టాంతం: అనకాపల్లి బెల్లం. తెల్లని దిమ్మకు ధర ఎక్కువ పలకబట్టే కదా, కాగే పాకంలో తెల్లబరిచే హైడ్రోస్ మందు చల్లే అలవాటు వచ్చింది! మందు పడని నల్లబెల్లాన్ని అదే జనం ఇప్పుడు ఆర్గానిక్ అని రెట్టింపు ఇచ్చి కొంటున్నారు. మేపుల్ పాకానికి తెల్లబరిచే మందు వెయ్యరుగాని, లేతదే మేలిమి అన్న భ్రమ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

శంక: అన్నీ ఏ అయినప్పుడు ఆ అక్షరం దేనికి?

సమాధానం: చిక్కదనం సరిగా ఉందనీ, అడుగున నలుసు లేదనీ, పెడరుచి లేదనీ చెప్పడానికి. కొమ్మల మీద మొగ్గ ఉబ్బాక తీసిన నీరు కాస్తే ఒక రకం వెగటు వస్తుంది. దానికి ఏ దొరకదు. పెద్ద పీపాల్లో ఫ్యాక్టరీలకు పోతుంది.

భంగమౌ జిహ్వకు

టీక: జిహ్వకున్ = నాలుకకు, భంగము = ఆశాభంగము, ఔ = అగును.

వ్యాఖ్య: గోల్డెన్ సీసా అందంగా ఉంది కదా అని కొని కాఫీలో పోసుకున్నవాడికి తీపి తప్ప మరేమీ తగలదు. దాని పరిమళం అంత సున్నితం. వెనిల్లా ఐస్‌క్రీం మీదో, పెరుగు మీదో వేసుకుంటే సరి. అట్లకూ వంటకూ డార్క్ కావాలి. వెరీ డార్క్ పిండిలో కలిపి కాల్చే కేకులకు, ఓపికున్నవాళ్ళ నాలుకకు. ఒకే సీసాకు డబ్బున్నవాడు డార్క్ కొనాలని వ్యాఖ్యాత మతం. ఆంబర్ అని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళతో పేచీ లేదు. గోల్డెన్ అనేవాళ్ళతో ఉంది.

జీటి చదివి కొనుము

టీక: జీటి = చీటి. ద్రుతం మీద పరుషానికి సరళం వచ్చింది. అచ్చుతప్పు కాదు.

వ్యాఖ్య: సీసా ముందువైపు బొమ్మ చూడక వెనకవైపు పదార్థాల పట్టీ చదవాలి. అసలుదైతే అందులో ఒక్కటే పేరుంటుంది. ప్యాన్‌కేక్ సిరప్ అనో, మేపుల్ ఫ్లేవర్డ్ అనో ఉంటే అది మొక్కజొన్న పాకం, రంగు, వాసన. చెట్టుకూ దానికీ చుట్టరికం లేదు. ఇక ఆ వాసన ఎక్కడిదనుకున్నారు? తెలుగువాడు చెవి రిక్కించవలసిన చోటిది. మెంతులు! మన పోపుల పెట్టెలోని మెంతులే. వాటిలో సోటోలోన్ అనే వాసనద్రవ్యం ఉంది. అది మోతాదు చూసి కలిపితే అచ్చం మేపుల్ వాసన కొడుతుంది. మెంతులు దండిగా తిన్నవాళ్ళ చెమట కూడా అదే వాసన వేస్తుంది. 2005లో మొదలై మూడేళ్ళకు పైగా న్యూయార్క్ నగరం మీద అప్పుడప్పుడూ మేపుల్ పరిమళం కమ్ముకునేది. విషవాయువేమోనని జనం అత్యవసర నంబరుకు ఫోన్లు చేశారు. 2009 ఫిబ్రవరిలో మేయర్ బ్లూమ్‌బర్గ్ విలేఖరుల్ని పిలిచి రహస్యం విప్పాడు: నది అవతల న్యూజెర్సీలో వాసన సరుకులు చేసే ఒక ఫ్యాక్టరీ మెంతుల్ని వాడుతోంది, గాలి ఇటు మళ్ళినప్పుడల్లా ఊరికి వాసన వస్తోంది. ఆ చుట్టుపక్కల తెలుగు ఇల్లాలెవరైనా ఉండుంటే మొదటిరోజే తేల్చేసేదని వ్యాఖ్యాత నమ్మకం.

పాఠాంతరం: నాలుగో పాదం చివర “మధుర మెంతి” అని ఒక ప్రతిలో కనబడుతోంది. నకిలీ సీసాకు ఈ పాఠమే సాధువు.

సీసఁ దెలిసి

టీక: సీసన్ = సీసాను, తెలిసి = ఎరిగి.

వ్యాఖ్య: గాజు ఉత్తమం. ప్లాస్టిక్ జగ్గు గాలిని కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది, నెలలు గడిచేకొద్దీ పాకం నల్లబడి రుచి మారుతుంది. త్వరగా ఖర్చు చేసేవారికి పరవాలేదు. క్యూబెక్‌లో 540 మిల్లీలీటర్ల రేకు డబ్బా సంప్రదాయం. మూత తెరిచాక మిగిలినదాన్ని గాజులోకి వంపుకోవాలి.

ధర చూసి గుండె గుభేలుమన్నవారికి ఒక లెక్క. చెట్టునీరులో చక్కెర నూటికి రెండు పాళ్ళు, అటూ ఇటూగా. 86ను ఆ అంకెతో భాగిస్తే లీటరు సిరప్పుకు ఎన్ని లీటర్ల నీరు మరగాలో వస్తుంది. రెండుతో భాగిస్తే 43. తక్కిన 42 లీటర్లూ ఆవిరి. ధర అంతా ఆ ఆవిరిదే.

ఉపాఖ్యానం: పంట బాగా వచ్చిన ఏడు మిగులును క్యూబెక్ ఉత్పత్తిదారుల సంఘం పీపాల్లో నిలవచేసి, తప్పిన ఏడు తీస్తుంది. 2012 వేసవిలో సరుకు లెక్కకు వెళ్ళిన ఉద్యోగి పీపాల దొంతర ఎక్కుతుంటే కాలికింద పీపా ఊగింది. రెండున్నర క్వింటాళ్ళు పైబడే నిండు పీపా ఊగడమేమిటి! తెరిస్తే కొన్ని ఖాళీ, కొన్నిట్లో నీళ్ళు. దాదాపు 3,000 టన్నులు, కోటీ 80 లక్షల కెనడా డాలర్ల పైచిలుకు పాకం నెలల తరబడి చడీచప్పుడు లేకుండా తరలిపోయింది. ప్రధాన ముద్దాయికి ఎనిమిదేళ్ళ జైలు పడింది. 90 లక్షల డాలర్లు దాటిన జుర్మానాను 2022లో కెనడా సుప్రీం కోర్టు ఖాయం చేసింది.

మూఁత విప్పినపుడె శీతపేటికఁ బెట్టు

టీక: శీతపేటిక = ఫ్రిజ్జు. తక్కినది స్పష్టం.

వ్యాఖ్య: “అపుడె” అన్న తొందరకు కారణముంది. సీలు తియ్యని సీసా చల్లని చీకటి అలమరలో ఏడాదికి పైగా ఉంటుంది. సీలు తీస్తే బయట పెట్టడానికి లేదు, మీద బూజు తెప్పకడుతుంది. అంత తీపిలో బూజేమిటని అడగొద్దు, తీపిలో బతికే బూజులూ ఉన్నాయి. తెప్ప తీసి వడగట్టి, మరగనిచ్చి వాడుకోవచ్చని ప్రాచీనులు. పారెయ్యమని నవీనులు. ఎంతకు కొన్నారన్నదాన్నిబట్టి పక్షాలు మారుతుంటాయి. వ్యాఖ్యాత నవీన పక్షం. అసలు వివాదమే వద్దనుకుంటే ఫ్రీజర్లో పెట్టండి. పాకం చిక్కబడుతుందేగాని రాయి కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వంపుకోవచ్చు.

సీసా అడుగున గాజుపలుకుల్లాంటివి కనబడితే కంగారు పడొద్దు. పాకం ఒక పిసరు ముదిరి చక్కెర పేరుకుంది. సీసాను వేడినీళ్ళలో నిలబెట్టి కరిగించండి.

మంచుపైనఁ బోయ మధుర మెంతొ

టీక: పోయన్ = పోయగా.

వ్యాఖ్య: ఇక్కడ మంచు అంటే ఫ్రిజ్జులో ఐసు కాదు, వాకిట్లో పడ్డ శుభ్రమైన మంచు. సిరప్పు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర దిగుతుంది, మన లెక్కలో తీగపాకానికి ఒక మెట్టు కింద. కనుక సీసాలోంచి తిన్నగా పాకం గారెలకు పనికిరాదు, మరికాస్త కాచాలి. 113 దాకా కాస్తే ఉండపాకం. మనవాళ్ళు పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో చుక్క వేసి పాకం చూస్తారు కదా, క్యూబెక్‌వాళ్ళు చెక్కతొట్టిలో మంచు పరిచి దానిమీద వేలెడు వెడల్పున ధార పోస్తారు. క్షణం ఆగి, పుల్ల ఆనించి చుడితే సాగుతూ పుల్లకు ముద్దగా వస్తుంది. మనకు పరీక్షగా ఆగిపోయింది వాళ్ళకు పండగయింది. బజార్లో కొనుక్కునేది కాదిది. మార్చిలో ఆ పాకల దగ్గరికే పోవాలి. మేన్‌లో అయితే మార్చి నాలుగో ఆదివారం పాకలన్నీ తలుపులు తెరిచి జనాన్ని పిలుస్తాయి.

మోసుకురాదగినవి వేరే ఉన్నాయి. మేపుల్ బటర్‌లో వెన్న పేరుకే, పాల చుక్క ఉండదు. కాచిన పాకాన్ని కదపకుండా చల్లార్చి, తరవాత చెయ్యి నొప్పెట్టేదాకా కలియబెట్టినదది. ఫ్రిజ్జులో పెట్టాలి, పైకి పాకం తేలితే మళ్ళీ కలుపుకోవాలి. ఆకు అచ్చులో పోసిన బిళ్ళల మీద తెల్లమచ్చలొస్తే బూజనుకుని పారెయ్యకండి, ఆరి చక్కెర పైకి వచ్చింది. ఇంకా కాచి పొడిచేసిన మేపుల్ చక్కెరకు ఏ బెంగా లేదు. మూలవాసులు దాన్ని బర్చ్ బెరడు పెట్టెల్లో నింపి ఏడాది పొడుగునా వాడుకునేవారు.

వెర్మాంట్‌లో ఈ మంచుపాకం తింటూ మధ్యమధ్య పుల్లటి దోసకాయ ఊరగాయ కొరుకుతారు, పక్కన ఒక డోనట్. మొహం మొత్తకుండా మళ్ళీ మొదలెట్టడానికి ఇది ఉపాయం. ఊరగాయ అవసరంలో ఏకాభిప్రాయమేగాని ఏ ఊరగాయ అన్నచోట వ్యాఖ్యాత మాగాయ పక్షం.