కడుగునీళ్ల దగ్గర నా కాపురం

నేను జమ్ముని. కృష్ణా డెల్టాలో ఒక మురుగుకాల్వ గట్టు నా పుట్టిల్లు. నీళ్లు పారనివ్వమని నన్నూ, గుర్రపుడెక్కనూ, తూటికాడనూ రైతులు ఏటా తిట్టుకుంటారు. వేసవిలో పూడిక తీసే యంత్రం వచ్చిందంటే ముందు పోయేది మేమే. అలా పెకలించి గట్టున పడేసిన నా దుంపను కొందరు గోతంలో వేసుకుని ఒక చిన్న పాల డెయిరీకి తీసుకెళ్లారు. కలుపుగా పుట్టిన నాకు అక్కడ కొలువు దొరికింది.

నన్ను నాటిన మడి సుమారు 60 సెంటీమీటర్ల లోతు. అడుగున నీరు ఇంకకుండా మందపాటి షీటు, దానిపైన నిండా కంకర. నీళ్లు ఒక చివర చేరి, కంకర లోపలే మెల్లగా నడిచి, రెండో చివర బయటపడతాయి. పైకి తేలవు కాబట్టి దోమలు గుడ్లు పెట్టే వీలుండదు.

నా దగ్గరికి వచ్చేవి క్యాన్లు, ట్యాంకర్లు, పైపులు కడిగిన నీళ్లు. పాలే కదా, ఏం హాని అనుకోవద్దు. ఇళ్ల మురుగును తినే సూక్ష్మజీవులకు లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, లీటరు పాలకు దాదాపు 1,00,000 మిల్లీగ్రాములు కావాలి. ఆ పాలు చెరువులో కలిస్తే నీటిలోని ప్రాణవాయువంతా వాటికే ఖర్చవుతుంది. చేపలు ఊపిరాడక చచ్చి తేలతాయి.

ఈ నీళ్లను నేనే తాగి శుభ్రం చేస్తానని చూడవచ్చినవాళ్లు అనుకుంటారు. పనిలో పెద్ద వాటా నా వేళ్లనూ కంకరనూ పట్టుకుని బతికే బ్యాక్టీరియాది. నా ఆకుల్లోని గాలి గదుల గుండా దిగిన ఆక్సిజన్ కొంత వేళ్ల చుట్టూ ఊరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దానితో పాల చక్కెరనూ మాంసకృత్తులనూ విరగ్గొడతాయి. గాలి అందని చోట వేరే జాతులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. కొంత నత్రజని, భాస్వరం నేనూ పీల్చుకుంటాను. నన్ను కోసి బయటికి మోసుకెళ్తేనే అవి పోతాయి. కోయకుండా వదిలేస్తే నాతోపాటు కుళ్లి మళ్లీ నీళ్లలోకే చేరతాయి.

ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలోని ప్లోన్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో కేటె జైడెల్ అనే శాస్త్రవేత్త 1950లలో తుంగ కుటుంబపు నీటిమొక్కలతో మురుగును శుద్ధి చేసే పరీక్షలు మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో ఆమె పరీక్షించిన వాటిలో డెయిరీ నీళ్లూ ఉన్నాయి. 1974లో ఆ దేశంలోనే ఓట్‌ఫ్రెసెన్‌లో ఊరి మురుగు కోసం పూర్తిస్థాయి మడి పనిలోకి వచ్చింది.

నాకూ గడ్డుకాలం వచ్చింది. నీళ్లు నన్ను చేరకముందే కొవ్వును ఆపే జిడ్డు తొట్టిని డెయిరీవాళ్లు శుభ్రం చేయడం మానేశారు. పన్నీరు తీయగా మిగిలిన విరుగుడు నీళ్లను కూడా మా మీదికే వదిలారు. కంకర సందులు వెన్నతో పూడుకుపోయాయి. నీళ్లు పైకి తేలి పులిసి కంపుకొట్టాయి. నా ఆకులు పసుపెక్కాయి. చివరికి ముందు వరస కంకర తవ్వి కడిగారు. విరుగుడును పశువుల దాణాలోకి మళ్లించారు. పైపులు కడిగే కాస్టిక్ సోడా, యాసిడ్ నీళ్లు ఒకేసారి నా మీద పడకుండా ముందొక తొట్టిలో కలిపి నిలబెట్టారు. మళ్లీ చిగురించాను.

ఇప్పుడు నన్ను దాటిన నీళ్లు పక్కనున్న నేపియర్ గడ్డికి పారుతున్నాయి. పొలాలకు వదిలే ఇలాంటి నీళ్లలో సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్ లెక్క లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ సాధారణ నిబంధన. ఆ లోపున ఉన్నాయో లేదో పరీక్షించాకే వదులుతారు. నడివేసవిలో నేను ఆకుల గుండా ఆవిరి చేసే నీళ్లూ ఎక్కువే. అప్పుడు మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది, అదీ చూసుకోవాలి.

మోటార్లతో రాత్రింబవళ్లు గాలి కొట్టాల్సిన పనిలేదు. మన ఎండల్లో బ్యాక్టీరియా ఏడాది పొడవునా చురుగ్గా ఉంటాయి. కరెంటు బిల్లుకు భయపడి మురుగును కాల్వలోకి వదిలే చిన్న డెయిరీలకు మా మడి తగిన దారి. అయితే ముందు సరిపడా స్థలం చూడండి. జిడ్డు తొట్టి కట్టండి. దాన్ని క్రమం తప్పకుండా ఎత్తిపోసే మనిషికి జీతమిచ్చి పెట్టుకోండి. ఆ తర్వాత మమ్మల్ని నాటండి.