సీత పెళ్ళి రద్దయింది

ఈమధ్య ఓ ఉమ్మడి నవల ప్రకటన వచ్చింది. భాషలు వేరైనా, దేశాలు వేరైనా, చూపున్నా లేకున్నా అందరం ఒకే ఫైల్లో కూర్చుని రాసేశామట. అందులో మూడో అధ్యాయం నాదే. ఇప్పుడది నాదని ప్రమాణం చేయమంటే మాత్రం చేయలేను.

'సీత మేనబావను చేసుకుంది' అని రాశాను. అనువాద మిషను ఆ మేనబావను ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి 'కజిన్' చేసింది. మళ్ళీ తెలుగులోకి వస్తూ వస్తూ ఆ కజిన్ 'సోదరుడు' అయ్యాడు. మా సీత సోదరుణ్ణి పెళ్ళాడి కూర్చుంది! డెన్మార్కు ఆయనెవరో పాఠకుల మనసు కలత చెందుతుందన్నాడు. ఇంకొకావిడ 'మీ సంస్కృతిని గౌరవిస్తాను, కానీ' అంది. ఆ 'కానీ' తర్వాత పదకొండు వ్యాఖ్యలు.

మేనమామ కొడుకు వేరు, పెదనాన్న కొడుకు వేరు అని వివరించబోయాను. మేనమామా 'అంకులే', పెదనాన్నా 'అంకులే' అయ్యారు. ఇద్దరు అంకుళ్ళ కొడుకుల్లో ఒకడు మొగుడూ ఇంకొకడు అన్నా ఎలా అవుతారని వాళ్ళ సందేహం. న్యాయమే.

చివరికి ఓటింగు పెట్టి పెళ్ళి రద్దు చేశారు. సీత ఇప్పుడు కాఫీ తాగుతూ కిటికీలోంచి వాన చూస్తోంది. అది అన్ని దేశాలవాళ్ళకీ అర్థమవుతుందట.

వంకాయ 'గుడ్డు మొక్క' అయింది. పోనివ్వండి.

మా మిత్రుడి సంగతే పోనివ్వలేను. చూపులేని కవి. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే ఆయనకు ఫైలు. నలుగురు ఒకేసారి టైపు కొడుతుంటే, వింటున్న వాక్యం మధ్యలోనే మారిపోయేది. కుదురైన ప్రతి పంపమంటే నిర్వాహకులు అను ఫాంట్లలో పంపారు. యూనికోడులో తెలుగు 1991 నుంచీ ఉంది కదయ్యా! అను ఫాంటు కంటికే తెలుగు, స్క్రీన్ రీడర్‌కు పిచ్చిగీతలు. అరగంట విని ఊరుకున్నాడాయన. అట్ట వెనక మాత్రం నల్లకళ్ళద్దాలతో ఆయన ఫొటో, కింద 'అందరినీ కలుపుకున్నాం' అని. సిగ్గులేదూ? ఒక్క పాదం రాయనివ్వని మనిషి ఫొటో ఎందుకు మీకు?

కలిసి రాయడం మనకేం కొత్త? 2003లో మొదలైన తెలుగు వికీపీడియా చర్చ పేజీలు చూడండి. పైసా రాదు, అయినా ఒక్క పేరు ఎలా రాయాలన్నదాని మీద వాదులాడుకుంటారు, తెలుగులోనే. గూగుల్ అనువాద వ్యాసాలు వచ్చిపడ్డప్పుడు వాటిని బాగుచేయలేక నడుములు పడిపోయిందీ వాళ్ళకే.

రెండో నవలకూ అధ్యాయం అడిగారు. మేనబావ లేకుండా రాయనని జవాబిచ్చాను.

'మీ సోదరుడికి కూడా స్వాగతం' అని వచ్చింది.