మా రోజుల్లో ట్రంకుపెట్టె చాలేది

మా రోజుల్లో ఇంటి పాటలూ ఫొటోలూ ఎక్కడ దాచుకోవాలన్నది చర్చే కాదు. మంచం కింద ట్రంకుపెట్టె ఉండేది. ఆల్బమ్, సినిమాహాలు దగ్గర కొన్న పాటల పుస్తకాలు, తర్వాత్తర్వాత క్యాసెట్లు, అన్నీ అందులోకే. నాలుగు కలరా ఉండలు వేసి మూత పెడితే పని అయిపోయేది. ఇప్పుడు మా మనవడు లాప్‌టాప్ నిండిపోయిందని ఒకటే నస. బెంగళూరు ఉద్యోగం, ఇంట్లోంచి పని అంటూ సగం రోజులు మా ఊరు చంద్రశేఖరపురంలోనే ఉంటాడు. వాడికీ ఒక పెట్టె కావాలట. దాని పేరు నాస్.

"ఏందిరా అది?" అన్నాను.

"డిస్కుల పెట్టె తాతా. రూటరుకు తగిలిస్తే లాప్‌టాప్‌లోనూ టీవీలోనూ అమ్మ ఫోన్లోనూ అన్నీ దాంట్లోంచే చూసుకోవచ్చు."

ఖాళీ పెట్టెకే వేలకు వేలు. డిస్కులు వేరే కొనుక్కోవాలి. బీరువా కొంటే అరలు వేరే కొనుక్కోమని మాకు ఏ కొట్టువాడూ చెప్పలేదు.

సరే, లాప్‌టాప్ ఎందుకు నిండిందో చూపించరా అన్నాను. చూపించాడు. కార్తీక పౌర్ణమికి భైరవకోన పోయొచ్చారు. మా మండలంలోదే, ఒక్క కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు. పల్లవుల నాటి పని అంటారు. వీడి వీడియోల్లో ఆ గుడులు ఎక్కడో ఓ మూల కనిపిస్తాయి. మిగతాదంతా జలపాతమే: నిలువుగా, అడ్డంగా, స్నేహితుడు ముందు నిలబడి, స్నేహితుడు పక్కకు జరిగి. ఒక్కటీ చెరపడు. ఏమంటే "తర్వాత ఎడిట్ చేస్తా తాతా" అంటాడు. మేం మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లం. మాకు రాయడం ఎంత నేర్పారో తుడవడమూ అంతే నేర్పారు.

లెక్క కూడా చెబుతాను. ఒక సీడీకి 700 ఎంబీ. మూడు గంటల సినిమా మూడు వీసీడీల్లో సర్దుకుని ఇంటిల్లిపాదీ చూశాం. ఐఫోన్‌లో 4కె వీడియో సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషానికి 400 ఎంబీ అని దాని సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది. అంటే పిల్లకాయ కేకు కోసిన రెండు నిమిషాలు ఒక సీడీలో పట్టవు. ఇట్లాగైతే ఏ పెట్టె చాలుతుంది?

మా పెళ్లికి కనిగిరి నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. రీలుకు 36 ఫొటోలు. రెండో రీలు వేయడానికి మా మామగారి మొహం చూసి ఆగాడు. అయినా వాటిలో మంచివి ఎంచి మూడేసి కాపీలు వేయించారు: మా ఇంటికొకటి, ఆడపెళ్లివారికొకటి, పామూరులో మా పెద్దక్కయ్యకొకటి. నెగెటివులు స్టూడియోలో ఉండిపోయాయి. తర్వాత మా ఆల్బమ్‌కు చెద పట్టింది. అక్కయ్య ఆల్బమ్ తెప్పించి మళ్లీ కాపీలు తీయించుకున్నాం. మూడు కాపీలుండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటైనా వేరే చోట ఉండాలి అని కంప్యూటర్ వాళ్లు ఇప్పుడు 3-2-1 సూత్రమంటూ పాఠం చెబుతున్నారు. మా అక్కయ్యకు సూత్రాలు తెలియవు. ఆల్బమ్ ఇవ్వలేదని అలిగింది, ఇచ్చాం.

కాపీలు పోతే ఎంతటివాటికైనా ఒకటే గతి. మన తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు.

"రెండు డిస్కులుంటాయిగా తాతా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది" అంటాడు వీడు. రెయిడ్ అట. దీంట్లో రాసిందే దాంట్లోనూ రాస్తుంది. నిజమే, ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. కానీ వీడు నిద్రమత్తులో ఒక ఫోల్డరు చెరిపాడనుకోండి, రెండింట్లోనూ అప్పుడే చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ ఒకే పెట్టెలో కాలిపోతాయి. మా క్యాసెట్‌కు వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండేవి. పాటలు ఎక్కించాక వాటిని విరిచేస్తే టేప్‌రికార్డర్‌లో రికార్డు మీట దిగేదే కాదు. ఎవరూ పొరపాటున చెరపలేరు. మళ్లీ రికార్డు చేయాలంటే ఆ బొక్కకు సెల్లోటేపు అంటించేవాళ్లం. ఈ పెట్టెల్లోనూ స్నాప్‌షాట్ అని అట్లాంటి ఏర్పాటు ఉందట, పాత రూపాన్ని విడిగా పట్టి ఉంచుతుంది. అది ఉన్న మోడలే కొనమన్నాను.

డిస్కుల సంగతీ అంతే. మా క్యాసెట్ మీద 60 అని ఉంటే 60 నిమిషాలే. ఇప్పుడు పైన ఒక పేరు, లోపల ఇంకో రకం. ఎస్ఎంఆర్ అనే రకంలో గీతలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి, తిరగరాయాలంటే ఆలస్యం. నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని ఆ రకమేనని వెస్టర్న్ డిజిటల్ 2020లో బయటపెట్టింది. ఆ తర్వాత పాత పద్ధతి, అంటే సీఎంఆర్, డిస్కులకు రెడ్ ప్లస్ అని పేరు మార్చింది. కాబట్టి సీఎంఆర్ అని ఉందో లేదో చూసి కొనాలి.

ఇక మా ఊరి ఎండ. సైనాలజీ కంపెనీ పెట్టెల కాగితం మీద 40 డిగ్రీల దాకా అని ఉంటుంది. మే నెలలో మా వైపు నీడపట్టునే అంత ఉంటుంది. టీవీ వెనక ఇరికిస్తే ఊరుకోనన్నాను. కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. ఇన్వర్టరుకు యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది నొక్కాలి, లేకపోతే ఫ్యాను ఆగి తిరిగేలోపు పెట్టె ఆరి వెలుగుతుంది. రూటరు పాత వంద మెగాబిట్లదైతే 500 జీబీ ఎక్కడానికి దాదాపు పన్నెండు గంటలు, గిగాబిట్ రూటరూ తీగా అయితే గంటా పావు. పెట్టెను బయట ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టొద్దనీ చెప్పాను. 2022లో డెడ్‌బోల్ట్ అనే దొంగ ప్రోగ్రామ్ అట్లా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ పెట్టెల్లో దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగింది.

పోనీ గూగుల్‌లో దాస్తానంటాడా, 2021 జూన్ 1 దాకా కాస్త నాణ్యత తగ్గించి ఎన్ని ఫొటోలైనా ఊరికే దాచిపెట్టింది. అలవాటు చేసి, ఆ తర్వాత 15 జీబీ దాటితే నెలనెలా డబ్బు కట్టమంది.

చివరికి ఒప్పుకున్నాను, కొనుక్కోమని. రెండు షరతులు. ముందు జలపాతాలు తగ్గాలి. తర్వాత, ఇంకో మామూలు డిస్కు మీద అంతా కాపీ చేసి బెంగళూరు గదిలో పెట్టుకోవాలి, ఊరికి వచ్చినప్పుడల్లా తెచ్చి కొత్తవి ఎక్కించాలి. పెద్దక్కయ్య లేదు, ఆ పని వాడే చేయాలి.

చదివేవాళ్లకు కూడా ఒక మాట. మీ ఇళ్లలో పెళ్లి వీడియో క్యాసెట్లు ఇంకా ఉంటే, ఏ పెట్టె కొనాలా అని చూడకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. వాటిని ఆడించే వీసీఆర్లు చేసే ఆఖరి కంపెనీ, జపాన్ ఫునాయ్, 2016లోనే తయారీ ఆపేసింది.